తుక్కు సామానుతో లేజర్ తుపాకి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కాలేజీ వార్షికోత్సవానికి గ్రహాంతరవాసుల నాటిక వేస్తున్నాం. రెండు లేజర్ తుపాకులు కావాలి. అద్దెకిచ్చేవి చిన్నపిల్లల బొమ్మల్లా ఉన్నాయి. పాత సామానుతో మేమే చేసుకుందామంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– విద్యార్థి బృందం, హనుమకొండ

జవాబు: తుక్కు పోగేయడంతో మాత్రం కాదు. ముందు అట్టముక్క మీద తుపాకి ఆకారం అసలు సైజులో గీసి, కత్తిరించి, నల్లరంగు పూయండి. ఒకరు పట్టుకుని నిలబడితే ఇంకొకరు ముప్పై అడుగుల దూరం నుంచి చూడాలి. వెనక వరసకు ఆకారం తప్ప ఇంకేమీ కనిపించదు. పిస్తోలంత చేస్తే చేతిలో కలిసిపోతుంది. రెండు చేతులా పట్టుకునేలా 60 సెంటీమీటర్లకు తగ్గకుండా చేయండి.

ఒక్కోదానికి 63 ఎం.ఎం. పీవీసీ పైపు 35 సెం.మీ., 40 ఎం.ఎం. పైపు 20 సెం.మీ., 63 నుంచి 40కి దిగే రెడ్యూసర్ ఒకటి, 63 ఎండ్ క్యాప్ ఒకటి కావాలి. బోరు పనులు చేసేవాళ్ల దగ్గర తుండు ముక్కలు ఊరికే దొరుకుతాయి. ఆక్సా బ్లేడుతో కోసే ముందు పైపు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాని అంచు వెంట గీత గీసుకోండి. కంటి అంచనాతో కోస్తే కోత ఏటవాలుగా వచ్చి ముందు గొట్టం వంకరగా కూర్చుంటుంది.

రెడ్యూసర్ తొడిగే ముందే గాజులు ఎక్కించాలి. అవును, చేతి గాజులే. రెండున్నర సైజు, అంటే 2-8 గాజు లోపలి వ్యాసం 63.5 ఎం.ఎం. కనుక 63 పైపు మీదికి కొలత పెట్టి చేసినట్టు జారుతుంది. మట్టిగాజులు వద్దు, ప్లాస్టిక్‌వో మెటల్‌వో తీసుకోండి. తొమ్మిది గాజుల్ని 8 ఎం.ఎం. ఎడంతో పేర్చి, ఎడం సమానంగా ఉండేందుకు మధ్యలో అట్టముక్క పెట్టి చూసుకుంటూ ఒక్కో చుక్క అరల్డైట్ జిగురుతో నిలపండి. రంగు పడ్డాక అవి గాజులని ఎవరూ అనుకోరు. వేడి దిగడానికి పెట్టిన రెక్కల్లా కనిపిస్తాయి.

పిడికి పాత కుక్కర్ పిడిని మించింది లేదు. చేతికి ఇముడుతుంది, బోల్టు రంధ్రం సిద్ధంగా ఉంటుంది. చిక్కేమిటంటే దాని మొదలు చదును, పైపు గుండ్రం. నేరుగా బిగిస్తే ఒక్క గీత మీదే ఆని అటూ ఇటూ ఊగుతుంది. అందుకని మధ్యలో ఒక చెక్కముక్క వేయాలి. 80 నంబరు గరుకు కాగితాన్ని గరుకు వైపు పైకి ఉండేలా పైపుకే చుట్టి, చెక్కను దాని మీద నిలువునా రుద్దండి. పైపు ఒంపు అచ్చంగా చెక్కలో దిగుతుంది. పైపుకు ముందు 3 ఎం.ఎం. బిట్టుతో, తర్వాత 5 ఎం.ఎం. బిట్టుతో రంధ్రం వేసి, లోపలి వైపు వెడల్పు వాషర్ వేయండి. వాషర్ లేకుండా బిగిస్తే రంధ్రం నుంచే పీవీసీ చీలుతుంది. రంధ్రం వెనక చివరకు 10 సెం.మీ. లోపలే ఉండాలి. అంతకన్నా లోపలైతే నట్టు పెట్టడానికి వేలు అందదు.

ఇక అలంకారం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. నట్లు, గేర్లు, స్ప్రింగులు దొరికినవన్నీ ఒంటినిండా అతికిస్తే తుపాకి కాదు, చెత్తబుట్ట కనిపిస్తుంది. సగం పైపు నున్నగా వదిలేయండి. మిగతా చోట ఏది అతికించినా దానికేదో పని ఉన్నట్టుండాలి: వెనక శక్తి వచ్చే చోట రెండు తీగలు, పైన గురిచూసే గొట్టం, పక్కన మీటల పలక, అంతే. పాడైన ప్రింటర్ ఒక్కటి విప్పితే రెండు తుపాకులకు సరిపడా సరుకు దొరుకుతుంది. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో హీరో వెలుగు కత్తి పిడి కూడా పాత ప్రెస్ కెమెరా ఫ్లాష్ గొట్టమే. దానికి చేర్చింది రబ్బరు పట్టీల్లాంటి నాలుగైదు ముక్కలే.

ఇనుము వీలైనంత తగ్గించండి. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు గానీ వాటిని ఎవరూ చేత్తో ఎత్తి పట్టుకోనక్కర్లేదు. మీ తుపాకి కిలో దాటితే రెండో సీనుకే నటుడి చెయ్యి వణుకుతుంది.

ప్రశ్న: షాంపూ మూతలు, నూనె డబ్బా మూతలు ఫెవిక్విక్‌తో అతికిస్తున్నాం. మర్నాటికి ఊడి కిందపడుతున్నాయి. జిగురు నకిలీదా?
– ఏలూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: జిగురు తప్పు కాదు. ప్లాస్టిక్ వస్తువు మీద త్రిభుజం గుర్తులో అంకె ఉంటే చూడండి. 2, 4, 5 అయితే అవి పాలిథిన్, పాలీప్రొపిలీన్ జాతి. మూతలు ఎక్కువగా ఇవే. వీటి ఒంటికి ఏ జిగురూ సరిగా అంటదు. ఎం-సీల్ పెట్టినా గట్టిపడ్డాక పెంకులా లేచొస్తుంది. ఇలాంటి వాటిని లోపలి నుంచి చిన్న స్క్రూతో బిగించండి, లేదా సన్న తీగతో కుట్టేయండి. 3 అంకె పీవీసీది, 6 పాలీస్టైరీన్‌ది. ఈ రెండూ బాగా అంటుతాయి. అంకె లేకపోతే చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. 2, 4, 5 రకాలు తేలతాయి, పీవీసీ మునుగుతుంది.

ఇంకో మాట: నల్ల ప్లాస్టిక్ మీద ఫెవిక్విక్ వాడితే అతుకు చుట్టూ తెల్లటి పొగమంచులా పడుతుంది. అతికింపులన్నీ అయ్యాకే రంగు వేస్తే ఆ బాధ ఉండదు.

ప్రశ్న: గొట్టం చివర నీలం ఎల్.ఈ.డీ. పెట్టి 9 వోల్టుల బ్యాటరీకి కలిపాం. ఒక్కసారి వెలిగి మాడిపోయింది. మూడు వరసగా కలిపితే సరిగా వెలగడం లేదు.
– ఆదిలాబాద్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు

జవాబు: నీలం ఎల్.ఈ.డీ.కి కావాల్సింది దాదాపు 3.2 వోల్టులు. మిగిలిన 5.8 వోల్టుల్ని రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) భరించాలి. 470 ఓమ్‌లది (పసుపు, ఊదా, గోధుమ చారలు) వేస్తే 12 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, హాయిగా వెలుగుతుంది. మూడింటిని వరసగా కలిపితే 9.6 వోల్టులు కావాలి, మీ దగ్గరున్నవి 9. లెక్క అక్కడే తప్పింది. చీకటి స్టేజికి ఒక్కటి చాలు. ఎక్కువ కావాలంటే చిన్న పెన్సిల్ సెల్స్ మూడు తీసుకుని (4.5 వోల్టులు) ఒక్కో ఎల్.ఈ.డీ.కి విడిగా 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. అన్నిటికీ కలిపి ఒకటే పెడితే ఒకటి మెరుస్తుంది, ఇంకొకటి మిణుకుతుంది. ఎల్.ఈ.డీ. పొడుగు కాలు ప్లస్.

ఎల్.ఈ.డీ. తలను 400 నంబరు గరుకు కాగితంతో మసకగా రుద్దితే వెలుగు సూదిలా కాకుండా గొట్టమంతా పరుచుకుంటుంది. సోల్డరు చేసిన చోట తీగను వేడి జిగురుతో పైపుకు అతికించాలి. లేకపోతే తుపాకి ఊపిన ప్రతిసారీ తీగ అక్కడే వంగి, సరిగ్గా నాటిక రోజున తెగుతుంది. లేజర్ పాయింటర్ మాత్రం పెట్టొద్దు, ఎదురుగా ప్రేక్షకుల కళ్లున్నాయి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే ఈ సరుకంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

తుక్కులోంచి బ్యాటరీలు పీకకండి. పాత ల్యాప్‌టాప్ సెల్స్ వాడొద్దు. మైక్రోవేవ్ ఓవెన్ అసలు విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

ప్రశ్న: స్ప్రే కొట్టగానే థర్మోకోల్ భాగం కరిగి గుంటలు పడింది. పైపు మీద వెండి రంగు గోరుతో గీకితే వచ్చేస్తోంది. పైగా నలుపు మీద తెల్లటి మసక.
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మూడూ వేరువేరు జబ్బులు. స్ప్రేలోని ద్రావకం థర్మోకోల్‌ను తినేస్తుంది. ముందు ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాక స్ప్రే చేయండి. ఎక్కడా సూదిమొనంత సందు మిగలకూడదు. పీవీసీ నునుపు కనుక రంగుకు పట్టు దొరకదు. 220, ఆ తర్వాత 400 గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, ప్రైమర్ వేసి ఆపైన రంగు వేయాలి. ఒక మందపు పూత కన్నా మూడు పలుచని పూతలు మేలు. తెల్ల మసక మీ సముద్రపు గాలి తేమ వల్ల. ముసురు రోజున కాక ఎండ వచ్చాక, నీడలో వేయండి.

వెండి రంగు ఒళ్లంతా కొట్టకండి. ముందు మెరుపు లేని నలుపు. అది ఆరాక, బ్రష్షుకు వెండి రంగు అంటించి, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, అంచుల మీద మాత్రం తేలిగ్గా రాయండి. చేతులు పడి అరిగిన ఇనుములా వస్తుంది.

ప్రశ్న: చేసిన తుపాకిని విమానంలో తెచ్చుకోవచ్చా?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చేతి సంచిలో వద్దు. బొమ్మదైనా తుపాకి ఆకారం కనిపిస్తే భద్రతా తనిఖీలో ఆపేస్తారు. బ్యాటరీ తీసి, గొట్టం, పిడి విడదీసి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. అమెరికాలో అమ్మే, అసలు తుపాకుల్లా కనిపించే బొమ్మల మూతికి నారింజ రంగో, బొమ్మని తెలిపే అలాంటి మరో గుర్తో తప్పనిసరి. ఇంట్లో చేసినదానికీ నారింజ రంగు మూత ఒకటి తొడిగి, స్టేజి ఎక్కే ముందు మాత్రమే తీయండి.