థైరాయిడ్ ఆపరేషన్‌కి ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఖమ్మంలో ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 24 వేలు. థైరాయిడ్‌లో గడ్డలు పెరిగి గాలిగొట్టాన్ని నొక్కుతున్నాయి, వేసవిలో గ్రంథి మొత్తం తీసేద్దామని డాక్టర్ చెప్పారు. హైదరాబాద్‌లో లక్షా 60 వేలు అవుతుందట. మావారి కంపెనీ ఇన్సూరెన్స్ 3 లక్షలుంది. ఎఫ్‌డీ 2 లక్షలు. తెలిసిన ఏజెంటు వెంటనే ఇంకో పాలసీ తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ఆపరేషన్ కోసమైతే కొత్త పాలసీ వద్దండీ. డాక్టర్ రాసిచ్చిన జబ్బుకు 36 నెలల దాకా వెయిటింగ్ (అప్పటిదాకా క్లెయిము రాదు) పెట్టే వీలు ఇన్సూరెన్స్ కంపెనీకి ఉంది. దాచిపెట్టి తీసుకుంటే క్లెయిముతో పాటు పాలసీ కూడా పోవచ్చు. ఏజెంటు చెప్పేది క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బు ఇచ్చేది) అయితే మరీ దండగ. ఒకవేళ గడ్డల్లో క్యాన్సర్ తేలినా, గ్రంథి దాటని, 2 సెంటీమీటర్ల లోపు థైరాయిడ్ క్యాన్సర్ లింఫ్ కణుపులకు పాకకపోతే, ఆ పాలసీలు దానికి డబ్బు ఇవ్వవు.

కంపెనీ గ్రూప్ పాలసీలు చాలావరకు పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. అందులో మీ పేరుందా, రూమ్ అద్దె పరిమితి ఎంత అని మీవారిని హెచ్ఆర్‌లో అడగమనండి. పరిమితి 4 వేలుండగా 8 వేల రూమ్ తీసుకుంటే అద్దె తేడాతో పోదు, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీల్లోనూ సగం కోత పడొచ్చు. స్కానింగ్, సూది పరీక్షల బిల్లులు దాచండి, అడ్మిషన్‌కు ముందు నెల రోజులవి చాలా పాలసీల్లో వస్తాయి.

మీ లెక్కలో లేని ఖర్చు అసలు తర్వాతే ఉంది. కుట్లు రెండు వారాల్లో మానినా, స్వరపేటిక నరం పక్కనే ఆపరేషన్ కాబట్టి కొందరికి గొంతు బొంగురుపోయి వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. క్లర్కుకు అది ఇబ్బంది, టీచరుకైతే జీతమే పోతుంది. జూన్‌లో బడి తెరిచాక రోజుకు ఆరు పీరియడ్లు అరిచే స్థితి లేకపోతే ఎలా? మీ జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ నుంచి అనారోగ్య భత్యం రాదు. చాలా ప్రైవేటు స్కూళ్లు వేసవి జీతమూ ఇవ్వవు. అందుకే ఎఫ్‌డీని కదపకండి. మూడు నెలల జీతం, అంటే 72 వేలు, అందులో మీ గొంతు కోసమే ఉందనుకోండి. ఆసుపత్రిలో చేతి నుంచి కట్టాల్సి వస్తే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (దాన్ని తీయకుండానే బ్యాంకు ఇచ్చే అప్పు) చాలు. కొన్నాళ్లు తక్కువ క్లాసులు ఇస్తారేమో ప్రిన్సిపాల్‌ను ఇప్పుడే అడగండి.

డిశ్చార్జ్ రోజే ఖమ్మం బస్సెక్కకండి. మొదటి రోజుల్లో క్యాల్షియం పడిపోయి వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాలుగైదు రోజులు హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లోనో, గది తీసుకునో ఉండండి. గ్రంథి తీసేశాక జీవితాంతం వేసుకునే థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర ఖర్చు పెద్దది కాదు. పరగడుపున వేసుకోవాలి, క్యాల్షియం మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

తీసేసిన గడ్డ బయాప్సీ రిపోర్టు తప్పక తీసుకోండి. ఒకవేళ క్యాన్సర్ అని తేలి రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే మందు) ఇవ్వాల్సి వస్తే అది విడిగా అడ్మిషన్, విడిగా క్లెయిమ్. 3 లక్షల్లో అప్పటికి మిగిలేది లక్షా 40 వేలే, రెన్యువల్ అయ్యేదాకా అంతే. ఈలోగా మీవారికి ఉద్యోగం మారే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆపమనండి. మానేస్తే గ్రూప్ కవర్ కూడా పోతుంది.