బట్టీకన్నా ముందు అడవి

చి. సౌమ్యకు మామయ్య ఆశీస్సులు.

టోక్యో ఉద్యోగం వదిలి వాకయామా కొండల్లో బొగ్గులు కాల్చే పల్లెకు చేరావని తెలిసి చాలా సంతోషించాను. ఆ పని ఏళ్ల తరబడి దగ్గరగా చూసినవాణ్ణి గనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

అప్పుడే బట్టీ దగ్గరికి పోకు. బిన్‌చోతాన్ (అక్కడ కాల్చే గట్టి కట్టెబొగ్గు) అనగానే అందరి చూపూ మంట మీదే ఉంటుంది. చివర్లో బట్టీలోకి గాలి వదిలి వేడి వెయ్యి డిగ్రీలు దాటించడం, ఎర్రటి బొగ్గును బయటికి లాగి తడి బూడిదమట్టి కప్పడం చూడ్డానికి గొప్పగానే ఉంటాయి. కానీ ఆ వృత్తిని ఇంతకాలం నిలబెట్టింది నరికే పద్ధతి. ఈ బొగ్గుకు వాడే ఉబామే ఓక్ చెట్టు మోడుకు లేచిన పిలకల్లో లావువి మాత్రం కోసి, సన్నవి ఉంచేస్తారు. దాన్ని తకుబత్సు అంటారు. ఉంచినవి వెలుతురు తగిలి ఎదిగి, 15–20 ఏళ్లలో మళ్లీ కోతకొస్తాయి. మోడు చావదు, వాలు మీద మట్టి జారదు. ఒక్కసారే అంతా నరికితే పని తొందరగా తెములుతుంది గానీ అడవి కోలుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది. మీ వాకయామాలోనే ఉన్న మినాబె–తనాబె ఉమె (జపాన్ రేగుజాతి పండు) తోటలకు 2015లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు, పైకొండల్లోని ఈ బొగ్గు అడవులను కూడా అందులో కలిపారు. తోటలో పూతకు వచ్చే తేనెటీగలకు ఇల్లు ఆ అడవే మరి.

చెట్లు కొట్టడం పాపమని నీ స్నేహితులు అంటారు. ఓపిగ్గా చెప్పు. 1960ల్లో గ్యాసు, కిరోసిన్ వచ్చాక జపాన్‌లో వంటచెరకు అడవులను వదిలేశారు. ఓక్ చెట్లు లావెక్కాయి. కాండాన్ని తొలిచే ఒక పురుగు అలాంటి ముదురు చెట్లనే ఎంచుకుని బూజుతెగులు అంటిస్తుంది. నడివేసవిలో కొండవాలంతా ఎర్రబడి ఎండిపోవడం నువ్వే చూస్తావు.

ఉరుషి లక్క (చెట్టుపాలతో వేసే మెరుగుపూత) మీద మనసుందని రాశావు. దానికి పేరుమోసిన చోటు ఇవాతేలోని జోబోజి. చెట్టుకు పది పదిహేనేళ్లు నిండితేగానీ గాటు పెట్టరు. ఒక్కో చెట్టు ఇచ్చేది సుమారు 200 గ్రాముల పాలే. అది మన జీడిమామిడి కుటుంబానిదే, జీడి తగిలినట్టే ఒళ్లు పొక్కుతుంది. నీ కొండ ఇవ్వని వస్తువు వెంట పడకమ్మా.

పల్లెకు వచ్చి పని నేర్చుకునేవాళ్లకు ఇచ్చే ప్రభుత్వ భృతి మామూలుగా మూడేళ్లే. నువ్వు ఇవాళ ఉంచిన పిలకకు అది చాలదు. అందుకే మొదటి ఏడాదే ఊళ్లో వేళ్లూనుకో: కాలువ పూడిక తీసేటప్పుడు వెళ్లు, గుడి ఉత్సవానికి చెయ్యి సాయం చెయ్యి, ఏ వాలు ఎవరిదో పెద్దవాళ్లను అడిగి తెలుసుకో. సొంతదారు ఊరు విడిచి వెళ్లినా సరే, అనుమతి లేకుండా కత్తి పెట్టకు.

నీకిచ్చిన వాలులో మోళ్లు ఎంత పాతవో చూసి రాయి. మరీ ముదిరినవైతే పిలక సరిగా రాదు, అప్పుడు మొక్కలు నాటే సంగతి మాట్లాడుకుందాం.

మీ మామయ్య