కంప్యూటర్ సందేహాలు: చుక్కలు తిరుగుతూనే ఉంటే...

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు సమీపంలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి శుభలేఖలు, కమీషన్ కొట్లవారి బిల్లు పుస్తకాలు కంపోజ్ చేస్తాము. ఎనిమిదేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. నెల రోజులుగా స్విచ్ వేస్తే కంపెనీ లోగో వచ్చి, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ అక్కడే ఆగిపోతోంది. బటన్ నొక్కి ఆపి మళ్లీ మళ్లీ వేస్తే ఒక్కోసారి అరగంటకు తెరుచుకుంటోంది. దుమ్ము వల్లనేమోనని లోపలంతా శుభ్రం చేయించినా మార్పు లేదు. చూసిన మెకానిక్ ఫార్మాట్ కొట్టాల్సిందేనంటున్నారు. ఖాతాదారుల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఫైళ్లకు మరోచోట నకలు తీసుకునేంత వరకు ఫార్మాట్‌కు (డిస్కును తుడిచేయడానికి) ఒప్పుకోకండి. పదేపదే ఆపి, వేసి చూడడం కూడా ఈ రోజు నుంచే మానేయండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఎక్కువ అనుమానం హార్డ్ డిస్క్ మీదకే పోతోంది. అదే నిజమైతే బలవంతంగా ఆపిన ప్రతిసారీ మీ ఫైళ్లకు ముప్పు పెరుగుతుంది.

కంప్యూటర్ ఎక్కడ ఆగిందన్నదే లోపం ఎక్కడుందో చాలావరకు చెబుతుంది. స్విచ్ వేయగానే మదర్‌బోర్డు మీది బయోస్ (కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే ప్రోగ్రాము) ముందుగా ర్యామ్‌ను, కీబోర్డును, డిస్కును పలకరించి, అవి సరిగా ఉన్నాయనుకున్న తరువాత విండోస్‌ను లోడ్ చేసే ప్రోగ్రాముకు పని అప్పగిస్తుంది. చుక్కలు తిరగడం మొదలైందంటే ఆ అప్పగింత జరిగిపోయిందనీ, విండోస్ తన ఫైళ్లను, పరికరాలను నడిపే డ్రైవర్లను డిస్కు నుంచి చదువుకుంటున్నదనీ అర్థం. ర్యామ్ పళ్లకు దుమ్ము పట్టినా, కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. బలహీనపడినా సాధారణంగా అంతకన్నా ముందే తెర నల్లగా ఉండిపోవడమో, బీప్ శబ్దాలు రావడమో, మధ్యలో దానంతటదే ఆరిపోవడమో జరుగుతుంది. శుభ్రం చేయించడం మంచి పనే అయినా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇక అరగంటకు తెరుచుకోవడం గురించి. డిస్కులో ఒక భాగం పాడైనప్పుడు అక్కడున్న సమాచారం ఒక్కసారికి అందదు; డిస్కు అదే చోటును పదేపదే చదివేందుకు ప్రయత్నిస్తుంది. ఈసారి స్విచ్ వేసినప్పుడు గదిలో ఫ్యాన్ ఆపి, సీపీయూ డబ్బా పక్కన కూర్చుని వినండి. డిస్కు సన్నని గరగర శబ్దంతో ఆగి ఆగి పనిచేస్తూ, ముందువైపు చిన్న లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటే అనుమానం బలపడినట్లే. అలా కాకుండా గడియారం ముల్లులా టిక్, టిక్ మని ఒకే తీరున కొట్టుకుంటూ ఉంటే వెంటనే ఆపేసి ప్లగ్ తీసేయండి. అది డిస్కు లోపలి యంత్రభాగం దెబ్బతిన్న చప్పుడు. ఆ స్థితిలో ఇంట్లో చేసే ఏ ప్రయత్నమైనా నష్టాన్నే పెంచుతుంది కనుక డేటా రికవరీ మాత్రమే చేసేవారికి అప్పగించాలి.

అలాంటి చప్పుడు లేకపోతే, ప్రింటర్, స్కానర్, పెన్ డ్రైవ్ అన్నీ తీసేసి, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచి ఒక్కసారి వేసి చూడండి. పాడైన యూఎస్‌బీ పరికరం ఒక్కటి చాలు, ఇలాగే ఆపేయడానికి. అప్పటికీ తెరుచుకోకపోతే, డిస్కును విప్పించి మరొక కంప్యూటర్‌కు యూఎస్‌బీ కేసు ద్వారా కలిపి ఫైళ్లు కాపీ చేసుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలైన దారి. విప్పడం ఇష్టం లేకపోతే, వేరే కంప్యూటర్‌లో ఒక పెన్ డ్రైవ్ మీద ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధం చేసుకుని, దాని నుంచే మీ కంప్యూటర్‌ను నడిపి, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, ఫైళ్లను బయటి డిస్కులోకి తీసుకోవచ్చు.

కాపీ చేసేటప్పుడు డీటీపీ వారు తరచుగా మరిచిపోయేవి రెండున్నాయి. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో ఉంచినవన్నీ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి; ‘సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాను, డి జోలికి పోను’ అని ఎవరైనా భరోసా ఇచ్చినా అవి పోతాయి. రెండవది ఫాంట్లు. పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైలు, అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతిది కాదు కనుక, ఆ ఫాంట్ లేనిచోట అక్షరం పోల్చుకోలేని గీతలుగా తెరుచుకుంటుంది. కనుక విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా తప్పక తీసుకోండి. ఏళ్ల తరబడి దిద్దుకున్న శుభలేఖల నమూనాలు కళ్ల ముందే ఉండి చదవరాకుండా పోవడం ఎంత బాధో ఆ పని చేసేవారికే తెలుసు.

నకలు చేతికి వచ్చాక మరమ్మతు సంగతి చూడవచ్చు. విండోస్ రెండు మూడుసార్లు వరుసగా తెరుచుకోలేకపోతే దానంతటదే రిపేర్ తెరను చూపుతుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అని వరుసగా వెళ్లి, రీస్టార్ట్ అయిన తరువాత 4 నొక్కితే, తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్ వస్తుంది. సేఫ్ మోడ్‌లో చురుగ్గా తెరుచుకుంటే డిస్కు కన్నా ఈమధ్య చేర్చిన డ్రైవరో, యాంటీవైరసో, అప్‌డేటో కారణం కావచ్చు. దాన్ని తీసేస్తే సరిపోతుంది. సేఫ్ మోడ్‌లోనూ అదే నత్తనడక అయితే డిస్కు మార్చుకోండి. ‘చెక్‌డిస్క్’ నడపమని చాలామంది మొదటి సలహాగా చెబుతారు కానీ, పాడైన చోట్లను వెతకమంటే అది డిస్కు మొత్తాన్ని చదివిస్తుంది. నీరసించిన డిస్కుకు ఆ శ్రమే చివరిది కావచ్చు. అందుకే నకలు తీయకముందు దాని జోలికి వెళ్లవద్దు.

కొత్త డిస్కు కొనేటప్పుడు ఎస్ఎస్‌డీ తీసుకోండి. తిరిగే పళ్లెం లేని ఆ డిస్కుతో మీ పాత యంత్రమే చాలా వేగంగా తెరుచుకుంటుంది. తీసేసిన డిస్కును కొన్నాళ్లు దాచి ఉంచండి, మరిచిపోయిన ఫైలు ఏదైనా గుర్తుకు రావచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ కావాలి. మీది ఏ తరానిదో బిల్లు మీద చూసుకుని ఆ తరువాతే డబ్బు ఖర్చు పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకునే కంప్యూటర్ రోజూ ఉదయం నల్లటి తెర మీద ఆగి, తేదీ సరిగా లేదనీ, ఎఫ్1 నొక్కమనీ అడుగుతోంది. నొక్కితే తెరుచుకుంటుంది కానీ తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటోంది.
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సీఆర్ 2032 రకం, 3 వోల్టులది. వాచీలు బాగుచేసే దుకాణాల్లోనూ దొరుకుతుంది. ప్లగ్ తీసేసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా మార్చండి. అయితే మార్చకముందే బయోస్‌లోకి వెళ్లి, బూట్ ఆర్డర్‌ను (ఏ డిస్కు నుంచి ముందు తెరుచుకోవాలన్న వరుస), సాటా మోడ్‌ను (డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాటరీ తీసినప్పుడు ఆ అమరికలు మొదటి స్థితికి పోతాయి. సాటా మోడ్ మారిపోతే విండోస్ అసలే తెరుచుకోదు, డిస్కు పోయిందేమోనని మీరు కంగారు పడతారు. ఫొటోలో ఉన్నట్లే తిరిగి పెట్టి, తేదీ, సమయం సరిచేసి, సేవ్ చేసి బయటికి రండి.