కాగితం గ్లైడర్, గుట్ట మీది గద్ద

ప్రశ్న: మా బాబు డ్రాయింగ్ షీటుతో చేసిన గ్లైడర్ వదలగానే ముక్కు మీద పడిపోతోంది, వాడికి ఒకటే టెన్షన్. పద్మాక్షి గుట్ట మీద గద్దలు రెక్కలాడించకుండా ఎలా తిరుగుతాయని కూడా అడుగుతున్నాడు.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తోక రెక్క వెనక అంచును ఒక్క మిల్లీమీటరు పైకి వంచమనండి, చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. అప్పటికీ పడిపోతుంటే ముక్కుకు పెట్టిన జెమ్ క్లిప్పు కొంచెం వెనక్కి జరపండి. మరీ వంచితే మాత్రం ఒక్కసారిగా పైకి లేచి, వేగం పోయి, మళ్లీ కిందికే దూకుతుంది. రెక్కల కొనలు రెండూ కాస్త పైకి ఉంటే పక్కకు ఒరిగినా తనంతట తనే నిలబడుతుంది. విసరొద్దు, మెల్లగా ముందుకు తోసి వదలాలి. ఫ్యాన్ ఆపేయండి.

ఇక గద్ద సంగతి, నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది! ఎండకు బండ కాగితే దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, గద్ద ఆ గాలిని వదలకుండా అందులోనే గుండ్రంగా తిరుగుతుంది, ఆ గాలితో పోలిస్తే అది జారుతున్నది కిందికే, కానీ గాలి అంతకన్నా వేగంగా పైకి పోతోంది కాబట్టి మొత్తం మీద గద్ద పైకే ఎక్కుతుంది. ఇంజిన్ లేని గ్లైడర్లలో మనుషులు గంటల తరబడి ఆకాశంలో ఉండేదీ ఇలాగే. జర్మనీలో ఒట్టో లిలియెన్‌తాల్ కొంగలను గమనించి, 1891 నుంచి తన గ్లైడర్లతో ఎగిరాడు. ఎండెక్కాక బాబును గుట్ట దగ్గరికి తీసుకెళ్లండి, పొద్దున్నే వెళ్తే గద్దలు అలా తిరగడం కనబడదు.