టెక్ సందేహాలు: తాతగారి పేరు కాదు, ఊరు పట్టుకుని వెతకండి

ఇంటి చరిత్ర రాసుకుంటున్నవారి ఉత్తరాలు ఈ శీర్షికకు ఆగకుండా వస్తున్నాయి. అందరి ఫిర్యాదూ ఒకటే: ప్రభుత్వ పోర్టల్‌లో తాతగారి పేరు కొడితే రికార్డు లేదంటోంది. లాగిన్, క్యాప్చా సంగతులు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ప్రశ్న: మా తాతగారు 1938లో చీరాల దగ్గర ఒక పల్లెలో పుట్టారు. ఆయన భూమీ అక్కడే. రిజిస్ట్రేషన్ సైట్‌లో ఎన్ని స్పెల్లింగులు మార్చి వేసినా ఏమీ రావడం లేదు. పైగా కొన్ని సైట్లు ఇక్కడి నుంచి తెరుచుకోవు. ఉచిత వీపీఎన్ వాడొచ్చా?
— డాలస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తప్పు మీ స్పెల్లింగుది కాదు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) వెతుకులాట 1983 జనవరి 1 నుంచే మొదలవుతుంది. అంతకుముందు దస్తావేజుల సూచికలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలుగా ఉంటాయి. దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, మనిషి చేత వెతికించుకోవాలి. ఈ ఒక్క ముక్క సెర్చ్ బాక్సు కింద రాసి ఉంటే ఎందరికో రాత్రుళ్లు కలిసొచ్చేవి. ‘ఫలానా ఏడాదికి ముందువి ఇక్కడ లేవు’ అనడానికీ ‘రికార్డు లేదు’ అనడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా పట్టించుకోని డిజైన్ చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది. తాత పేరిట భూమే లేదనుకుని వెతకడం మానేసినవారు నాకు ఉత్తరాలు రాశారు.

ఇక చీరాల. మీ తాతగారు పుట్టినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీలో, గుంటూరు జిల్లాలో ఉంది. 1970లో ఒంగోలు జిల్లాలోకి (1972లో దాని పేరు ప్రకాశం అయింది), 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ముత్తాతగారి దాకా వెళ్తే, ఇప్పటి గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో కాబట్టి, అంతకుముందు కాగితాల్లో కృష్ణా జిల్లా అని కనిపిస్తుంది. మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందువన్నీ తాలూకాలు, ఫిర్కాలు (కొన్ని ఊళ్ల గుంపులు). పోర్టల్ డ్రాప్‌డౌన్‌లో ఇవాళ్టి జిల్లా, ఇవాళ్టి మండలమే ఉంటాయి. అందుకే ముందు ఒక కాగితం మీద మీ ఊరు ఏ ఏడాది ఏ జిల్లాలో, ఏ తాలూకాలో, ఏ సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో ఉందో రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

జనన రికార్డు వేరే దారి. ఇప్పుడున్న జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అంతకుముందు మీ ప్రాంతంలో 1899 నాటి మద్రాసు చట్టం కింద గ్రామ మునసబు రాసేవారు. ఆ పుస్తకాలు మిగిలి ఉంటే తహశీల్దారు కార్యాలయం రికార్డు గదిలోనో, పట్టణమైతే మునిసిపాలిటీలోనో ఉంటాయి. బిడ్డ పేరుతో అడగకండి. చాలా పద్దుల్లో బిడ్డకు పేరే ఉండదు, ‘మగ శిశువు’ అని రాసి తండ్రి పేరు వేస్తారు. తండ్రి పేరు, ఊరు, ఏడాది ఇచ్చి వెతకమనండి. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రిజిస్టరు వెతికించి నకలు అడగవచ్చు. మరణ నకలులో మాత్రం మరణ కారణం వెల్లడించరు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. రిజిస్టరైన వీలునామాలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు బతికున్నంతకాలం నకలు వారికి, లేదా వారి ఏజెంటుకు మాత్రమే ఇస్తారు. కన్నుమూశాక దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇవ్వాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏ కూతురిని ఏ ఊరికి ఇచ్చారో, ఎవరిని దత్తత తీసుకున్నారో ఒక వీలునామా చెప్పినంత వివరంగా ఏ పోర్టలూ చెప్పదు.

ఉచిత వీపీఎన్ వద్దు. మీరు ఏ సైట్లు చూస్తున్నారన్నది ముక్కూ మొహం తెలియని సర్వర్ చేతిలో పెట్టి, ఆపైన ఓటీపీతో ప్రభుత్వ సైట్‌లోకి వెళ్లడం తెలివైన పని కాదు. ఊళ్లో ఉన్న మేనమామనో, పిన్ని కొడుకునో ఆఫీసుకి పంపండి. ‘ఓటీపీ చెప్పండి మేడం, గంటలో ఈసీ పంపిస్తా’ అనే ఏజెంట్‌ని దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: ముత్తాత పేరున్న సేత్వార్ (పాత భూమి సర్వే రిజిస్టరు) నకలు దొరికింది. ఉర్దూలో ఉంది. ఫోన్‌లో ఏఐ యాప్‌కి ఫొటో ఇస్తే పేర్లన్నీ చదివి చెప్పింది. మళ్లీ అడిగితే వేరే పేర్లు చెప్పింది. ఏది నమ్మాలి?
— కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ నమ్మకండి. చేతిరాత ఉర్దూలో చుక్కలు తరచూ వదిలేస్తారు. అక్షరం ఏదో తేల్చేది ఆ చుక్కలే. తెలుగు పేర్లు ఆ లిపిలో రాస్తే హ్రస్వాచ్చులు పడిపోతాయి. అలాంటి చోట ఈ యాప్‌లు ‘చదవలేకపోతున్నాను’ అనాల్సింది పోయి, ఆ ప్రాంతంలో ఉండదగిన పేరొకటి అల్లి ఇస్తాయి. పేరు నమ్మదగినట్టు ఉండటమే ఇక్కడ ప్రమాదం. ఒకసారి అది మీ వంశవృక్షంలోకి ఎక్కితే పది మంది బంధువులు దాన్నే కాపీ చేసుకుంటారు, ఆ తర్వాత దించడం ఎవరి తరమూ కాదు. పాత దఫ్తరు ఉర్దూ చదవగలిగిన పెద్దవారు మీ జిల్లాలో ఇంకా ఉన్నారు. ఇద్దరికి విడివిడిగా చూపించి, ఇద్దరూ ఒకే మాట అన్నవే రాసుకోండి.

పేరు కన్నా సర్వే నంబరు గట్టి ఆధారం. ఆ నంబరు పట్టుకుని 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన ఊరి రికార్డు), ఆ తర్వాతి పహాణీలు అడగండి. కాగితం మీద ఫసలీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే 590 కలపండి. 1364 ఫసలీ అంటే 1954-55. స్కానర్ యాప్ వాడితే ‘ఎన్‌హాన్స్’ ఆపేయండి. కాగితాన్ని తెల్లగా కనిపించేలా చేయాలన్న తాపత్రయంలో ఈ యాప్‌లు వెలిసిపోయిన సిరానూ, ముద్రల అంచులనూ మరకలనుకుని తుడిచేస్తాయి. ఆ సౌకర్యాన్ని మొదటి నుంచే ఆన్ చేసి ఇవ్వడం పాత కాగితాల పట్ల అన్యాయం. మామూలు కెమెరాతో, పగటి వెలుగులో తీసిన ఫొటోనే అసలుగా దాచుకోండి.

పహాణీ మాట వచ్చింది కాబట్టి చెప్పాల్సింది ఒకటుంది. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరి పేరిట ఉందో, ఎవరు దున్నుతున్నారో రెండూ తెలిసేవి. 2020 అక్టోబరు 29న తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు ఆ రెండో కాలమ్ లేదు. దాని మీద జరిగిన చర్చంతా భూమి హక్కుల గురించే. నేను చెప్పేది ఇంటి చరిత్ర గురించి. పట్టా లేని కుటుంబానికి, కౌలుకు చేసుకున్న కుటుంబానికి ప్రభుత్వ పుస్తకంలో మిగిలిన జాడ చాలాసార్లు ఆ ఒక్క కాలమే. ఆ సాఫ్ట్‌వేర్‌కి అప్పటి యజమాని ఎవరన్నదే ప్రశ్న అయింది. నిన్నటి మనుషులు దానికి అక్కర్లేకపోయారు.

ఓటర్ల జాబితాలదీ ఇదే కథ. పాత జాబితా ఒక ఇంటి మనుషులను తండ్రి లేదా భర్త పేరుతో సహా వరసగా చూపిస్తుంది. ఇంటి చరిత్రకు అంతకన్నా ఏం కావాలి? కానీ 2018 నుంచి సైట్లలో పెడుతున్నవి బొమ్మల పీడీఎఫ్‌లు. పేరు వెతకడానికి లేదు. లక్షల పేర్లు టోకున ఎత్తుకుపోకుండా కాపాడటానికి అలా చేశారు, ఆ కారణాన్ని నేను గౌరవిస్తాను. మరి నలభై ఏళ్ల కిందటి జాబితాకు వేరే నియమం ఎందుకు ఉండకూడదు? జనాభా లెక్కల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు చూసే హక్కు ఎవరికీ లేదు. అమెరికాలో 72 ఏళ్ల తర్వాత తెరిచినట్టు ఇక్కడ తెరవరు.

ప్రశ్న: మా ఇంటివాళ్లం ఒక ఉచిత ఫ్యామిలీ ట్రీ సైట్‌లో తాతల నాటి దస్తావేజులు, 2006 నాటి పంపకాల పత్రం, అందరి ఆధార్‌లు పెట్టాం. లింకు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. ఫర్వాలేదు కదా?
— విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫర్వా ఉంది. ఇది చదవడం ఆపి ముందు ఆ పంపకాల పత్రం, ఆధార్‌లు తీసేయండి.

1940 నాటి దస్తావేజులో ఉన్న వేలిముద్ర కన్నుమూసిన మనిషిది. దానితో ఎవరూ డబ్బు తీయలేరు. 2006 పత్రం అలా కాదు. 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేర్చిన 32ఎ సెక్షన్ వల్ల అప్పటి నుంచి దస్తావేజుల మీద ఫొటోలు, వేలిముద్రలు తప్పనిసరి అయ్యాయి. అందులో ఉన్నది మీ పెద్దనాన్న వేలు, మీ మేనత్త వేలు. పక్కనే వారి ఆధార్ నంబరు కూడా పెట్టారు. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో, అంటే ఊళ్లో చిన్న మెషిన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతిలో, కావాల్సింది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ రాదు, కార్డు అక్కర్లేదు. ఇది ఊహ కాదు. 2018లో తెలంగాణలో ఒకతను రిజిస్ట్రేషన్ సైట్ నుంచి దించుకున్న దస్తావేజుల్లోని వేలిముద్రలకు నకళ్లు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం.

చేయాల్సినవి: ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆధార్ యాప్‌లోనో యూఐడీఏఐ సైట్‌లోనో బయోమెట్రిక్స్ లాక్ చేయండి, అవసరమైనప్పుడు కాసేపు తెరవచ్చు. నెలనెలా రేషను వేలిముద్రతో తీసుకునే పెద్దవారికి ఈ లాకు ఇబ్బంది. వారి బ్యాంకుకు వెళ్లి వేలిముద్ర చెల్లింపులను ఆపమని అడగండి, ఆధార్‌కు ముడిపడిన ఖాతాలో పెద్ద మొత్తం ఉంచకండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.

పత్రం పంచుకోక తప్పకపోతే వేలిముద్ర, సంతకం, ఆధార్, పాన్ కప్పేయండి. కానీ ఎలా కప్పుతున్నారో చూసుకోండి. పీడీఎఫ్ మీద గీసిన నల్ల డబ్బా చాలాసార్లు పైపొర మాత్రమే, కింద ఉన్నది అలాగే ఉంటుంది. ఫోన్ ఎడిటర్‌లో హైలైటర్‌తో పూస్తే వెలుగు పెంచి చదవచ్చు. ముదురు రంగు డబ్బాతో పూర్తిగా మూసి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌నే పంపండి. ఫైలు సైజు తగ్గించే ఉచిత సైట్లలో అసలు పత్రం ఎక్కించకండి.

వంశవృక్షం మన దగ్గర ఆస్తి కాగితం కూడా. వారసులెవరో, ఎవరు అమెరికాలో ఉన్నారో, ఏ సర్వే నంబరు ఎవరి వాటానో ఒకే పేజీలో పెడితే, దొంగ జీపీఏ (మీ తరఫున ఆస్తి అమ్మే అధికార పత్రం) సృష్టించాలనుకున్నవాడికి అన్నీ వడ్డించినట్టే. బతికున్నవారి పేర్లు, పుట్టిన తేదీలు, అమ్మల పుట్టింటి ఇంటిపేర్లు బయటి సైట్‌లో వద్దు. చెట్టు తాతల దగ్గర ఆపండి. మిగతాది ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో, ఒక పుస్తకంలో ఉండనివ్వండి.

ప్రశ్న: మా పూర్వీకులు చెరకు తోటల్లో పనికి దక్షిణాఫ్రికాలోని నటాల్ వచ్చారు. ఊరు ‘విజగపటం’ అని మాత్రం తెలుసు. విశాఖలో ఏ ఆఫీసుకు రాయాలి?
— డర్బన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: విశాఖకు రాయకండి, మీ దగ్గరే మొదలుపెట్టండి. 1860 నుంచి 1911 దాకా నటాల్ వచ్చిన కూలీల ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ఇంట్లో పాత పెళ్లి కాగితాలో, పని ముగిసినప్పుడు ఇచ్చిన పత్రాలో ఉంటే ఆ నంబరు కోసం చూడండి. దొరికితే పేరు స్పెల్లింగుతో పనిలేదు. ఊరు తెలిశాక, ఆ కాలపు తెలుగు జిల్లాల మద్రాసు ప్రభుత్వ రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను అడగండి. జిల్లా పేరు మాత్రం పాతదే వాడాలి. శ్రీకాకుళం అప్పట్లో చికాకోల్, గంజాం జిల్లాలో ఉండేది. చిత్తూరు 1911 దాకా నార్త్ ఆర్కాట్ జిల్లాలో భాగం.