సీసాలో చీటీ

అమ్మాయీ,

కొత్త సాలీడు జాతిని వర్ణిస్తూ నువ్వు రాసిన రాతప్రతి అందింది. పన్నెండు పేజీల రాత, ఆరు పేజీల రంగు ఫోటోలు, పెన్సిల్‌తో గీసిన పాల్ప్ (మగ సాలీడు నోటి పక్కన ఉండే, జతకట్టడానికి వాడే చిన్న అవయవం) బొమ్మ ఒకటి. ఆ బొమ్మ గీసింది మంచి చెయ్యి. మెచ్చుకోవడం అంతటితో ఆపేస్తాను. నాలుగో పేజీలో ఒక్క వాక్యం నన్ను ముందుకు కదలనివ్వలేదు: “సేకరణ స్థలం: నల్లమల అడవి, ఆగస్టు 2023.” అంతే. నువ్వు పంపిన ఫోటోలో సాలీడుని ఆల్కహాల్‌లో దాచిన సీసా మీద అంటించిన చీటీలోనూ అంతే ఉంది, అదీ బాల్‌పాయింట్ పెన్నుతో. ఆల్కహాల్ తగిలి అప్పుడే “2023”లో 3 చెరిగిపోతోంది.

ఏ నల్లమల? కృష్ణకూ పెన్నకూ మధ్య సాగిన కొండల వరుస అది. కృష్ణ దాటి తెలంగాణలోకి వెళ్తే అమ్రాబాద్ వైపు అడవినీ జనం నల్లమల అనే అంటారు. నీ గెంతుడు సాలీడు పొడవు అయిదు మిల్లీమీటర్లు. అది బతికేది ఒక చెట్టు బెరడు నెర్రెలో. అంత చిన్న ప్రాణికి అంత పెద్ద చిరునామా రాస్తే ఎవరికి దొరుకుతుంది? పైగా జాతి పేరు కూడా నల్లమల మీదే పెట్టబోతున్నావు.

సాలీడు వర్ణనలో మిగతా ఏ తప్పునైనా తర్వాత వచ్చేవాళ్ళు దిద్దగలరు. కాలి ముళ్ళు లెక్కతప్పితే సీసా తెరిచి మళ్ళీ లెక్కపెడతారు. బొమ్మ వంకరగా వస్తే మళ్ళీ గీస్తారు. తప్పు ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) పెడితే తీసి సరైన ప్రజాతిలో పెడతారు. అది దొరికిన చోటు మాత్రం సాలీడు ఒంటి మీద రాసి ఉండదు. అది నీ ఒక్కదానికే తెలుసు. నువ్వు రాయకపోతే ఇక ఎవరూ రాయలేరు.

గుత్తి సంగతి నీకు తెలిసే ఉంటుంది. నీలిరంగులో మెరిసే ఆ పెద్ద చెట్టు సాలీడు, పొయిసిలోథీరియా మెటాలికాకి 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ పేరు పెట్టాడు. ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క నమూనా. దొరికిన చోటు గుత్తిలో రైల్వే కలప నిల్వ చేసే స్థలం. ఆ తర్వాత గుత్తిలో వెతికినవాళ్ళకి ఒక్కటీ దొరకలేదు. 102 ఏళ్ళు గడిచాక, 2001లో, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య ఉన్న రిజర్వు అడవిలో మళ్ళీ కనిపించింది. గుత్తికి ఈశాన్యంగా సుమారు వంద కిలోమీటర్ల దూరం. ఎక్కడో అడవి దుంగలతో పాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. 2008లో దాన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల్లో చేర్చారు. గుత్తి చీటీ అబద్ధం చెప్పలేదని గమనించు. దొరికింది అక్కడే. ఆ దుంగలు ఎక్కడి నుంచి వచ్చాయన్న ఇంకొక్క ముక్క దాని మీద ఉంటే, ఆ అడవి కోసం వందేళ్ళు ఎదురుచూడాల్సిన పని ఉండకపోయేదేమో. అందుకే “ఎక్కడ దొరికింది” అని రాయడంతో సరిపోదు. దేని మీద దొరికింది, అది అక్కడిదేనా, ఇంకెక్కడి నుంచైనా మోసుకొచ్చిందా అన్నది కూడా రాయాలి.

చీటీ ఎలా రాయాలో చెబుతాను. దీన్ని గుమస్తా పని అనుకోకు, అక్షరం అక్షరం చదువు.

చీటీ సీసా లోపలే ఉండాలి. బయట అంటించింది ఊడిపోతుంది, కారిన ఆల్కహాల్‌కి తడిసి చెరిగిపోతుంది. కాగితం మందంగా, నూలు గుజ్జుతో చేసినదై ఉండాలి. మామూలు నోటుబుక్కు కాగితం ఏళ్ళ తరబడి ఆల్కహాల్‌లో నానితే గుజ్జవుతుంది. పెన్సిల్‌తో రాయి, లేదా నీళ్ళకీ ఆల్కహాల్‌కీ చెదరని నల్ల పిగ్మెంట్ ఇంకుతో రాసి, పూర్తిగా ఆరాకే లోపల వెయ్యి. ఇంక్‌జెట్ ప్రింటు కరిగిపోతుంది. లేజర్ ప్రింటు మోసం ఇంకా పెద్దది: మొదట్లో బాగానే కనిపిస్తుంది, కొన్నేళ్ళకి అక్షరాలు పెచ్చులుగా లేచి సీసా అడుగున నల్ల పొడిలా పేరుకుంటాయి. చీటీని గాజు లోపలి గోడకి ఆనించి, రాత బయటికి కనిపించేలా పెట్టు. మడిచి కుక్కితే సాలీడు కాళ్ళు విరుగుతాయి.

దాని మీద దేశం, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు లేదా అటవీ బీటు పేరు ఉండాలి. తర్వాత, అందరికీ తెలిసిన ఒక గుర్తు నుంచి ఎంత దూరం, ఏ దిక్కు. తర్వాత అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో, నాలుగు స్థానాల వరకు. నాలుగో స్థానం విలువ సుమారు 11 మీటర్లు, సాలీడుకి అది చాలు. రెండు స్థానాలతో ఆపితే కిలోమీటరు పైన తేడా రావచ్చు. ఫోను ఏడు స్థానాలు చూపిస్తుంది కదా అని అన్నీ ఎక్కించకు. దట్టమైన కొమ్మల కింద ఫోను ఎంత తడబడుతుందో అదే తెర మీద మీటర్లలో చూపిస్తుంది, ఆ అంకె కూడా రాయి. సముద్రమట్టం నుంచి ఎత్తు రాయి. తేదీలో నెలను రోమన్ అంకెల్లో రాయడం మా వాడుక, ఎందుకంటే 7-8 అని రాస్తే ఒకరికి ఆగస్టు, ఇంకొకరికి జులై. పట్టిన పద్ధతి రాయి: చేత్తోనా, కొమ్మ కింద గుడ్డ పట్టి దులిపితే పడిందా, నేలలో పాతిన గ్లాసులో పడిందా. చివర పట్టినవారి పేరు.

జిల్లా పేరు రాస్తే చాలనుకునేవాళ్ళకి మన దగ్గరే జవాబుంది. 2022లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకు ముందు “కర్నూలు జిల్లా” అని రాసిన చీటీ ఇప్పటి నంద్యాల జిల్లాదీ కావచ్చు. తెలంగాణలో 2016 నుంచి ఇదే కథ. ఊరి పేరు మరీ కష్టం. రామాపురాలు ఎన్ని లేవు మనకి! చీటీ ఇంగ్లిషులో రాస్తావు సరే, పక్కనే ఊరి పేరు తెలుగులోనూ రాయి. ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్ళాక కొత్తూరూ కోతూరూ ఒకటైపోతాయి.

ఇక చెట్టు. “బెరడు మీద” అని రాశావు. ఏ చెట్టు బెరడు? నల్లమద్ది బెరడు మొసలి వీపులా లోతుగా నెర్రెలు విచ్చి ఉంటుంది, ఆ నెర్రెల్లో సాలీడు పట్టుగూడు అల్లుకుని దాక్కోగలదు. బెరడు నున్నగా ఉండే చెట్టు మీద ఆ వసతి లేదు. నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో, ఎండ పక్కనా నీడ పక్కనా, పొద్దునా రాత్రా? ఈ నాలుగు ముక్కలూ ఉంటే తర్వాత వచ్చేవాడు నేరుగా ఆ చెట్టు దగ్గరికే వెళ్తాడు.

వెళ్ళాల్సింది ముందు నువ్వే. నీ దగ్గర ఉన్నది ఒక మగది, ఒక “ఆడది” అన్నావు. నువ్వు పంపిన ఫోటోలో పొట్ట అడుగు భాగం పెద్దది చేసి చూశాను. ఊపిరితిత్తుల పలకల మధ్య, అడ్డగీతకి కాస్త ముందు, ఎపిజైన్ అనే గట్టి పలక ఉండాలి, ఎదిగిన ఆడదాని జననాంగం అది. అక్కడ మెత్తటి చర్మం తప్ప ఏమీ లేదు. అది ఆడది అని చెప్పలేం. ఎదగని పిల్ల కావచ్చు. నువ్వు వర్ణిస్తున్న జాతిదే కాకపోవచ్చు కూడా. ఒకే చెట్టు మీద దొరికాయని జత కట్టెయ్యకూడదు. మగదాన్ని ఒక జాతిగా, దాని ఆడదాన్నే ఇంకో జాతిగా రాసిన చిక్కులు సాలీళ్ళ జాబితాలో బోలెడున్నాయి. రాతప్రతి లోంచి ఆ ఆడ వర్ణన మొత్తం తీసెయ్యి. మగది ఒక్కటే ఉన్నా జాతిని వర్ణించవచ్చు. ఆడది దొరకాలంటే మగది దొరికిన నెలలోనే, అదే చెట్టుకి, అటవీశాఖ అనుమతి పత్రంతో వెళ్ళు. ఆ చెట్టు ఎక్కడుందో నీకు ఇంకా గుర్తుందా? గుర్తుంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే రాసుకో.

దొరికితే ఎపిజైన్‌ని సన్న సూదితో విడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వెయ్యి. వెచ్చబెడితే నిమిషాల్లో పని అవుతుంది, గది వేడిలో ఉంచితే గంటలు పడుతుంది. ఏది చేసినా మధ్యమధ్యలో తీసి చూస్తూ ఉండు. కండ కరిగి, వీర్యం చేరే లోపలి నాళాలు తేటగా కనిపించగానే నీళ్ళలో కడుగు. మర్చిపోతే నాళాలు కూడా గాజులా పారదర్శకమై, కూలిపోయి, చూడటానికి ఏమీ మిగలదు. తర్వాత తిరగేసి లోపలి వైపు నుంచి గియ్యి. ఆ ముక్కని చిన్న గొట్టంలో పెట్టి అదే సీసాలో, అదే నంబరుతో ఉంచు. సాలీడు ఒక సీసాలో, దాని ఎపిజైన్ ఇంకో డబ్బాలో ఉంటే రెండూ వృథా.

పాల్ప్ బొమ్మ ఒక్క వైపు నుంచే గీశావు. ఎడమ పాల్ప్‌ని లోపలి పక్క, కింది పక్క, బయటి పక్క నుంచి మూడు బొమ్మలు గియ్యాలి. గీసేటప్పుడు కదలకుండా ఉండటానికి చేతులు శుభ్రం చేసుకునే జెల్లులో గుచ్చి నిలబెట్టు, అయ్యాక జెల్లుని బాగా కడుగు. ఎంబోలస్, అంటే పాల్ప్ చివర వీర్యం దించే సన్నటి మొన, ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో గడియారం ముల్లు లెక్కన చెప్పు. పాల్ప్‌లో టిబియా అనే కణుపు బయటి పక్కన ఉన్న కొమ్ము మొన నిటారుగా ఉందా, వంగి ఉందా అన్నదాన్ని బట్టే జాతి మారిపోవచ్చు.

నువ్వు మాత్రం మూడు పేజీలు రంగుల మీద ఖర్చు పెట్టావు. ఇక్కడే ఈ కాలపు ఫ్యాషన్‌తో నాకు తగువు. మాక్రో లెన్సు ఫోటోలు ముచ్చటగా ఉంటాయి, బతికున్నప్పుడు తప్పకుండా తియ్యాలి కూడా, ఎందుకంటే ఎరుపూ ఆకుపచ్చా ఆల్కహాల్‌లో నిలవవు. కానీ గెంతుడు సాలీడు రంగులో చాలా భాగం ఒంటి మీది పొలుసుల్లాంటి వెంట్రుకలది. బెరడుకి రాసుకుంటే రాలిపోతాయి. అదే జాతి, రాలినది ఒకటీ రాలనిది ఒకటీ పక్కపక్కన పెడితే రెండు జాతుల్లా కనిపిస్తాయి. నీ భేద నిరూపణలో, అంటే దగ్గరి జాతుల నుంచి తేడా చూపించాల్సిన భాగంలో, “పొట్ట మీద రెండు తెల్ల చారలు” అని తప్ప ఇంకేమీ లేదు. దగ్గరి జాతి ఏదో పేరు పెట్టి చెప్పి, దాని ఎంబోలస్‌కీ దీనికీ ఏమిటి తేడా అన్నది మాటల్లో రాయాలి. తేడా చూపే లక్షణాలు మాటల్లో రాయని పేరు చెల్లదు, 1930 తర్వాత పెట్టిన పేర్లకి జంతు నామకరణ అంతర్జాతీయ నియమావళి పెట్టిన షరతు అది. ప్రపంచ సాలీళ్ళ జాబితా 2022 ఏప్రిల్‌లో 50,000 జాతులు దాటింది. పేరు నమోదు చేసుకుంటే పాత వర్ణనలన్నీ అక్కడ ఉచితంగా చదవొచ్చు. ఆ ప్రజాతిలో మన దేశానివే కాదు, శ్రీలంకవీ మయన్మార్‌వీ కూడా బొమ్మ పక్కన బొమ్మ పెట్టి చూడు.

కొలతల్లో మొత్తం పొడవుని నమ్ముకోకు. తిండి తిన్నా గుడ్లు నిండినా పొట్ట ఉబ్బుతుంది. తలరొమ్ము భాగం పొడవూ వెడల్పూ విడిగా ఇవ్వు.

సంపాదకుల మీద కూడా నాకు పాత కోపం ఒకటుంది. చోటు మిగలడానికి “పరిశీలించిన నమూనాలు” భాగాన్నే ముందు కత్తిరిస్తారు. అక్షాంశాలు, తేదీలు, చెట్టు పేరు అన్నీ పోయి “తూర్పు కనుమల్లో పలుచోట్ల” అన్న ముక్క మిగులుతుంది. పత్రికలవాళ్ళయితే “ప్రపంచంలోనే తొలిసారి” అని అచ్చేస్తారు, ఊరి పేరు మాత్రం వెయ్యరు. నీ ప్రతిని ఎవరైనా అలా కత్తిరించమంటే ఒప్పుకోకు. ఉపోద్ఘాతం తగ్గించు, కృతజ్ఞతలు తగ్గించు, ఫోటోలు రెండు తీసెయ్యి, ఆ భాగంలో ఒక్క అంకె కూడా వదలకు. ఒక్క మినహాయింపు ఉంది. గుత్తి సాలీడు లాంటివాటిని పెంపకానికి అమ్ముకునేవాళ్ళున్నారు. ఆ ప్రజాతిని 2019లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలోకి తెచ్చింది అందుకే. అలాంటివాటికి పూర్తి చోటు చీటీ మీదా సంగ్రహాలయం రిజిస్టరులోనూ ఉంచి, అచ్చులో మండలం వరకే ఇవ్వు. నీ అయిదు మిల్లీమీటర్ల దాని కోసం ఎవరూ రారు, పూర్తిగా ఇవ్వు.

హోలోటైప్, అంటే జాతి పేరుకి ఆధారమైన ఆ ఒక్క నమూనా, “రచయిత్రి వద్ద భద్రంగా ఉంది” అన్నావు. అది కుదరదు. ఏ సంగ్రహాలయంలో, ఏ ఊళ్ళో పెడుతున్నావో రాయాలి. మన జీవవైవిధ్య చట్టం 2002, సెక్షన్ 39 ప్రకారం కూడా కొత్త జాతి నమూనా గుర్తించిన సంస్థకి చేరాలి. డి.ఎన్.ఏ. కోసం ఒక కాలు మాత్రం తీసి 95 శాతం పైన ఉన్న ఆల్కహాల్‌లో వేరుగా పెట్టు. మిగతా సాలీడుని 70, 75 శాతంలో ఉంచు. గాఢమైనదాంట్లో ఉంచితే పెళుసై, ముట్టుకుంటే కాళ్ళు ఊడతాయి. ఆ కాలు ఉన్న గొట్టంలోనూ చీటీ వెయ్యి.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, ఎంత ఖర్చవుతుందని అడిగావు, ఇంకా రెండు మూడు అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయను. ముందు ఆ సీసా తెరువు. పాత చీటీని పారెయ్యకు, అది నీ చేతిరాత, దాన్ని కూడా లోపలే వెయ్యి. పక్కన కొత్తది రాసి వెయ్యి, దాని మీద “తర్వాత రాసినది” అని తేదీతో సహా ఉండాలి. గుర్తున్నంత వరకే రాయి, ఊహించి నింపకు. చెట్టు తెలుసు, అంకెలు తెలియవు అంటే చెట్టే రాయి. ఆ చీటీ ఫోటో నాకు పంపు. రాతప్రతి ఆ తర్వాత చూస్తాను.