ఎదురుగా కూర్చుని రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాలు చదివాను. ఎక్కడో ఉన్న ప్రముఖుల వెంట పడకుండా మీ ఊరివాళ్ళ గురించే రాయాలని పూనుకున్నావు, అది నచ్చింది. నచ్చనిది కూడా మొదటే చెప్పేస్తాను. నీ రాతలో మగ్గం నేసే ఆయన ‘పట్టుదలకు మారుపేరు’, బస్టాండు దగ్గర వేసవిలో అంబలి పోసే పెద్దాయన ‘నిస్వార్థ సేవామూర్తి’, భర్త పోయాక కుట్టుమిషను పెట్టుకుని పిల్లలను చదివించిన ఆవిడ ‘మట్టిలో మాణిక్యం’. ఈ మూడు బిరుదులనూ ఒకరివి ఒకరికి మార్చి చూడు. ఏ వ్యాసమూ చెడదు. అంటే ఆ మనుషులు ఇంకా కాగితం మీదికి రాలేదన్నమాట.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఊరి సంఘాల్లోని మహిళల సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఎక్కువమంది దళితులు, బడి మొహం చూడనివాళ్ళు. వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నప్పుడు వాళ్ళు షాట్లకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీసేది పటేలు షాట్, ఎందుకంటే ఊళ్ళో పటేలు తమను అలాగే చూసేవాడు. కింద నుంచి పైకి చూస్తూ తీసేది బానిస షాట్. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా కెమెరా పెట్టి తీసేది సంఘం షాట్, సంఘంలో అందరూ నేలమీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కనుక. రచన మీద నేను చదివిన పెద్ద పెద్ద సిద్ధాంతాలు చాలావరకు మరచిపోయాను గానీ ఇది మాత్రం మరవలేదు.

నీ కుట్టుమిషను ఆవిడ వ్యాసం పటేలు షాట్. జాలి నిండా ఉంది, ఆవిడ లేదు. అంబలి పెద్దాయన వ్యాసం బానిస షాట్. చేతులు జోడించి మెడ పైకెత్తి చూస్తున్నావు, ఆయన గడ్డం తప్ప ఏమీ కనిపించడం లేదు. పొగడ్త గౌరవమే కదా అంటావేమో. పొగిడితే ఇక అడగాల్సిన పని ఉండదు, అందుకే మనలాంటివాళ్ళకు అది సుఖం.

అడగడం గురించి చెబుతాను. ఆ జహీరాబాద్ మహిళలే మాచనూరులో సంఘం రేడియో నడిపారు. 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలయ్యాయి. లైసెన్సు రాకముందే మాటలూ పాటలూ క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించేవారు. విత్తనాలు, పశువులు, పండుగలు, నాటు వైద్యం, ఇవీ వాళ్ళ విషయాలు. పొలం పని తెలిసిన మనిషి పొలం పని తెలిసిన మరో మనిషిని అడిగితే ప్రశ్న ఎలా ఉంటుందో ఊహించు. ‘యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి?’ అని అడగరు. ఏ విత్తనం, ఎవరి దగ్గర తెచ్చావు, పురుగు పడితే ఏం చేశావు అని అడుగుతారు. నీ వ్యాసాలన్నింటిలోనూ ఆ సందేశం ప్రశ్న ఉంది. దాన్ని కొట్టెయ్యి. ఆ ప్రశ్న వినగానే ఎంతటి మాటకారి అయినా వేదికెక్కి మాట్లాడటం మొదలుపెడతాడు.

సృజన గురించి రాసేటప్పుడు పని ఎక్కడ ఆగిపోయిందో వెతుకు. చింతకింది మల్లేశం కథ చూడు. ఆలేరు దగ్గరి శారాజీపేట మనిషి, ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంతే రాస్తే అది వార్త. ఇప్పుడు ఆసు పోయడం అంటే ఏమిటో రాయి. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటల పని. ఆ తర్వాతే చిటికి కట్టడం, అంటే రంగు అంటకుండా దారాన్ని అక్కడక్కడా బిగించి కట్టడం, రంగులద్దడం, మగ్గం ఎక్కించడం. ఇళ్ళలో ఆ పని ఆడవాళ్ళది. భుజాలు పడిపోయేవి. మల్లేశం తల్లి లక్ష్మి చేసిన పనీ అదే, ఆ నొప్పి చూసే కొడుకు యంత్రం పనిలో దిగాడు. ఆరో తరగతితో చదువు ఆగినవాడు. 1992 ప్రాంతంలో మొదలుపెడితే 1999కి గానీ పూర్తి కాలేదు. ఒక కదలిక కుదరక ఆగిపోయిన పని, హైదరాబాదు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో వేరే యంత్రం తిరిగే తీరు చూశాక ముందుకు కదిలింది. చీరకు ఆసు గంటన్నరకు దిగింది. యంత్రానికి తల్లి పేరు పెట్టాడు. భుజం నొప్పి, కుదరని కదలిక, బాలానగర్. ఈ మూడూ చెప్పాక ‘పట్టుదల’ అనే మాట రాయాల్సిన అవసరమే రాదు. మీ మగ్గం ఆయనను ఇలాగే అడుగు. ఇంట్లో ఆసు ఎవరు పోస్తారో అడుగు. నీ వ్యాసంలో ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. సగం పని ఆమెదై ఉంటుందని నా అనుమానం.

సేవ గురించి రాయడం ఇంకా కష్టం. సేవ చేసేవాళ్ళు తమ గురించి చెప్పుకోరు, చుట్టుపక్కలవాళ్ళు అతిగా చెబుతారు. జీవితమంతా మొక్కలు నాటిన వనజీవి రామయ్య గురించి రాసిన ప్రతివారూ కోటి మొక్కలు అని రాశారు. కోటి దగ్గర పాఠకుడి బుర్ర ఆగిపోతుంది. ఆయన వేసవిలో విత్తనాలు ఏరి వానలకు నాటేవాడని, ‘వృక్షో రక్షతి రక్షితః’ అనే పలక మెడలో వేసుకుని సైకిలు మీద ఖమ్మం జిల్లా అంతా తిరిగేవాడని, భార్య జానమ్మ వెంట ఉండేదని చెబితే అప్పుడు మనిషి కదులుతాడు. కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి అన్నదానాన్ని ఆమె పోయిన నూరేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటున్నాం గానీ, అన్ని గుండిగల అన్నానికి వడ్లు ఎవరు దంచారు, గోదావరి పొంగినప్పుడు పొయ్యి ఎలా వెలిగింది అని రాసిపెట్టినవాళ్ళు తక్కువ. మీ అంబలి పెద్దాయన ఇంకా ఉన్నాడు కదా, అడుగు. రాగిపిండి రాత్రి ఎన్నింటికి నానబెడతారు? మజ్జిగ ఎవరు పోస్తారు, ఊరికేనా, డబ్బుకా? గ్లాసులు కడగడానికి నీళ్ళు ఎక్కడివి? పిండి తక్కువైన రోజున ఏం చేశారు? తాగడానికి వచ్చేవాళ్ళతో కూడా మాట్లాడు. ఆటో డ్రైవరుకు ఉప్పు తక్కువైందని ఫిర్యాదు ఉంటే అదీ రాయి.

నిలదొక్కుకోవడం అనే విషయంలో మాత్రం నీతో కాస్త తగవు పడాలి. తట్టుకున్నారు, నిలబడ్డారు, ఓటమికి తలవంచలేదు అని రాస్తావు. పడగొట్టింది ఎవరు? దాని జోలికి పోవు. దారానికే ముందు రంగులద్ది నేసే ఇక్కత్ డిజైన్‌ను మిల్లు బట్ట మీద అచ్చు కొట్టి చాలా తక్కువ ధరకు అమ్ముతుంటే, నూలు ధర పెరుగుతుంటే, మగ్గం మీద కూర్చున్న మనిషి ‘ఆత్మస్థైర్యాన్ని’ మాత్రమే పొగడటం అవతలివాళ్ళకు చాలా అనుకూలమైన సాహిత్యం. కిన్నెర అనే తీగ వాద్యం వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కట్టడాల దగ్గర కూలి పనిలో కనిపించాడని పత్రికలు రాశాయి. సన్మానం నాటి వ్యాసాలన్నీ శాలువా దగ్గర ఆగిపోయాయి. కళాకారుడికి నెలకు ఏం వస్తుంది, మందులకు ఎంత పోతుంది అని అప్పుడే అడగాల్సింది.

ఊరి కథ ఊరికే పోదు అనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణాన్ని ఆపించారు. ఆ ఊళ్ళో జరిగింది తర్వాతి వాచకంలో పాఠంగా వచ్చింది. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు దాన్ని రాత్రి బడిలో కూడబలుక్కుని చదివారు, మనమూ ఆపుదాం అనుకున్నారు. 1992లో జిల్లా అంతా అంటుకుంది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పాఠం ఒక్కటే తెచ్చిందని అనను, వెనుక చాలా పోరాటం ఉంది. కానీ ఆ పాఠంలో వీరనారీమణులు ఉండి ఉంటే పక్క ఊరివాళ్ళు దండం పెట్టి పుస్తకం మూసేసేవారు. తమలాంటివాళ్ళే కనబడ్డారు కనుక లేచారు.

ఇక కొన్ని చిల్లర సంగతులు. పెద్దవాళ్ళను ఏ సంవత్సరం అని అడగకు, ఇబ్బంది పడి ఏదో ఒకటి చెబుతారు. దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా అని అడుగు, అది 1977 నవంబరు. రెండు రూపాయల బియ్యం వచ్చాకా అని అడుగు, అది 1983. తెలంగాణ ముసలివాళ్ళకు పోలీసు చర్య ఇంకా గుర్తే, 1948. ఇలా లంగరు వేస్తే వాళ్ళ జ్ఞాపకం నీకంటే చురుగ్గా ఉంటుంది. ఫోనులో రికార్డు పెట్టే ముందు చెప్పు, పెట్టాక దాన్ని వాళ్ళకు కనబడేలా ఉంచు. అప్పు సంగతి, జబ్బు సంగతి, కోడలితో తగాదా సంగతి నీ మీద నమ్మకంతో చెబుతారు. అచ్చు వేసే ముందు వ్యాసం మొత్తం వాళ్ళకు చదివి వినిపించు. తీసేయమన్నది తీసేయి, వాదించకు. వాళ్ళు ఆ ఊళ్ళోనే బతకాలి. చదువుతున్నప్పుడు ‘అట్లా కాదమ్మా’ అని అడ్డుపడితే సంతోషించు, అసలు కథ సాధారణంగా ఆ తర్వాతే మొదలవుతుంది.

ముందుగా మగ్గం వ్యాసం తిరగరాయి. ఈసారి పొద్దున్నే వెళ్ళు, ఆయన భార్య ఆసు దగ్గర ఉన్నప్పుడు. ఆయన ఇంట్లో లేని రోజైతే ఇంకా మంచిది. బిరుదులు లేకుండా, సందేశం లేకుండా, నెల ఖర్చుల లెక్కతో సహా పంపు. ఫోటోలు తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దాయన